అల్లరి బొమ్మకు మన ఇంటి గుడ్డ

పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటా రెండు రాత్రులు ఉంటాయి. ఒకటి పెద్దల రాత్రి. తలుపు గడియ వేసి, దీపం తగ్గించి, మరునాటి పనిని తలచుకొంటూ కన్నులు మూసుకొనే రాత్రి అది. రెండవది బొమ్మల రాత్రి. పగలంతా గోడ గూటిలోనో, మంచపు కోడు ప్రక్కనో కదలక మెదలక పడి ఉన్న కొయ్యగుర్రం, గుడ్డబొమ్మ, మట్టి ఎద్దు పెద్దలు నిద్రించిన మరుక్షణమే లేచి కూర్చుంటాయి. ఒకటి అటుక మీదికి ఎగబ్రాకుతుంది. మరొకటి బెల్లపు కుండ మూత తీస్తుంది. ఇంకొకటి ఊరికే నవ్వుతుంది. తెల్లవారేసరికి అన్నీ ఎక్కడి వక్కడే ఉంటాయి. ఈ రెండవ రాత్రి సంగతి తెలిసినవారు ఇంటిలో ఇద్దరే: నిద్రపోని బిడ్డ, నిద్రపుచ్చే ముదుసలి.

ఇది ఏ ఒక్క దేశపు ఊహ కాదు. జర్మను రచయిత హాఫ్‌మన్ 1816లో వ్రాసిన కథలో పెంకులు పగులగొట్టే కొయ్యబొమ్మ అర్ధరాత్రి సేనాపతియై ఎలుకలరాజుతో యుద్ధం చేస్తుంది. డెన్మార్కు రచయిత ఆండర్సన్ 1838లో చెప్పిన కథలో ఒకే తగరపు గరిటెను కరగించి పోసిన ఇరువది అయిదుగురు సిపాయిలు ఉంటారు. చివరివానికి తగరం చాలక ఒంటికాలే మిగులుతుంది. ఇంటివారు పడుకొన్న పిమ్మట అక్కడి బొమ్మలన్నీ విందులు, యుద్ధాలు, నాట్యాలు ఆరంభిస్తాయి. 1995లో అమెరికాలో నిర్మితమైన 'టాయ్ స్టోరీ' చలనచిత్రం ఆసాంతం నడిచేది కూడ ఈ ఒక్క ఊహ మీదనే. అయితే ఇట్టి కథలు సముద్రాల కావలి సొత్తు అనీ, మన పల్లెలలో నీతికథలూ దేవుళ్ల కథలూ తప్ప బొమ్మల అల్లరి కథలు లేవనీ మన చదువుకొన్నవారిలో ఒక భావన కలదు. దానితో నేను ఏకీభవించలేను. నేను ఆ కథలను ఏ పుస్తకంలోనూ చదువక ముందే బోరంచలో విన్నాను.

బోరంచ నారాయణఖేడ్ సీమలోని ఊరు. మంజీరా నదికి చేరువ. నల్లపోచమ్మ దేవాలయం మూలంగా చుట్టుప్రక్కల వారందరూ ఎరిగిన పేరు. నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో మెదకు జిల్లాలో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందులోనికి వచ్చింది. పటాల మీద గీతలు ఇన్నిసార్లు మారినా, వాకిళ్లలోని మాట మాత్రం గీతలను లెక్కపెట్టలేదు. తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ అక్కడ ఒకే బావినీటి వలె కలిసి ప్రవహించేవి. మా దాదీమా ఉర్దూలో ఆరంభించిన వాక్యం తెలుగులో ముగిసేది. పొరుగింటి అవ్వ తెలుగులో ఆరంభించిన వాక్యం 'నక్కో'తో ముగిసేది. వేసవి రాత్రులలో ఆ రెండు ఇండ్ల మంచాలు ఒకే వాకిట పడేవి. కథ ఏ మంచం మీద ఆరంభమైనా వినేవారు రెండు మంచాలవారు.

ఆ వాకిటి బొమ్మలు అంగడిలో కొన్నవి కావు. జొన్నకోత అయిన తరువాత పిల్లలకు కావలసినంత సొప్ప దొరికేది. ఎండిన సొప్ప పైపెచ్చును గోటితో ఒలిచి సన్నని పుల్లలుగా చీల్చి, లోపలి తెల్లని బెండును ముక్కలుగా త్రుంచి, బెండులో పుల్లలు గ్రుచ్చితే బండి తయారయ్యేది. చక్రాలూ బెండువే, నొగలూ పుల్లలవే, బండివాడూ బెండువాడే. అంటించడానికి బంక అక్కరలేదు; కట్టడానికి దారం అక్కరలేదు. నల్లరేగడి మట్టిని తడిపి పిసికితే ఎద్దులు. చింతగింజలు వాటి కన్నులు. ఉత్తర కర్ణాటకంలో మట్టి ఎద్దులకు ఒక పండుగయే ఉన్నది; మణ్ణెత్తిన అమావాస్య నాడు వాటిని చేసి పూజిస్తారు. పాత చీర పేలికలు చుట్టి, కాటుకతో కనుబొమలు తీర్చితే గుడ్డబొమ్మ. మా ఇంట దానిని గుడియా అనేవారు. పొరుగింట బొమ్మల పెండ్లి అయితే మా ఇంట గుడ్డా గుడియాల షాదీ. రెండింటికీ పప్పు బెల్లమే విందు. జాతరలో కొన్న లక్కపిడతలు మాత్రం అపురూప వస్తువులు. వాటిని ఆడుకోవడం కంటె దాచుకోవడమే ఎక్కువ.

దాదీమా కథలలో నాయకురాలు చిందీబీ. చిందీ అనగా గుడ్డపేలిక. ఆమెకు కాళ్లు లేవు, పేలికల చుట్టలే. అందువలన నడిస్తే చప్పుడు కాదు. దీపం తగ్గించగానే చిందీబీ తాఖులో నుండి జారి, బెల్లపు కుండ దాకా దొర్లుకొంటూ పోయి, తాను తిన్నంత తిని, మిగిలినది చీమలకు పంచిపెట్టేది. అబ్బాగారి తలపాగాలో అల్లీబిల్లీ ముడులు వేసేది. పిల్లి తోకకు గజ్జె కట్టి ఇల్లంతా లేపేది. పొరుగింటి అవ్వ కథలలో కథానాయకుడు మట్టి ఎద్దు. వాడు రాత్రి లేచి, పటేలు చేనిలో దిగి, కడుపునిండా జొన్న మేసి వచ్చేవాడు. తెల్లవారి చూస్తే మట్టి మూతికి పచ్చని నురుగు. అయితే వానికి ఒక ప్రాణభయం ఉండేది: దప్పిక అయినా నీరు త్రాగరాదు, మంచు పడకముందే ఇంటికి చేరాలి. లేకున్నచో కరిగిపోతాడు. "చెరువు కనపడ్డది కొడుకా, నాలుక పిడచ కట్టింది, ఏం చేస్తడు?" అని అవ్వ ఆపేది. మా గొంతులు కూడ ఎండిపోయేవి. అప్పుడు మా దాదీమా అవతలి మంచం మీది నుండి, "అక్కా, చిందీబీని పంపనా? తడిసినా ఆమెకు భయం లేదు, పిండితే సరి" అనేది. అవ్వ, "పంపు బీబమ్మా, పంపు" అనేది. అట్లా ఒక ఇంటి బొమ్మ మరొక ఇంటి కథలోనికి నడిచి వచ్చి, తన చెంగు తడిపి, ఎద్దు పెదవులకు అద్ది పోయేది.

పెద్దవాడనై, విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదువుకొన్న తరువాత ఆ కథలలోని శాస్త్రం కొంత తెలిసింది. మొదటిది సమయనియమం. బొమ్మ ఎంత అల్లరి చేసినా తెల్లవారక ముందే స్వస్థానం చేరాలి. ఇది కథకుల చమత్కారం మాత్రమే కాదు; పసిమనసుకు అభయం. అలీఫ్ లైలా కథలలో నల్లచేవ కొయ్యతో చేసిన ఒక గుర్రం ఉన్నది. రాజకుమారుడు దానిపై ఎక్కి మీట త్రిప్పగానే అది ఆకాశానికి ఎగురుతుంది. ఎక్కడం క్షణంలో పని. దించే మీట ఎక్కడున్నదో తెలియక ఆ కుమారుడు మేఘాలలో తడుముకొంటాడు. వెదకి కనుగొన్న పిదపనే నేల చూస్తాడు. తెలుగువారి కీలుగుర్రం దానికి చుట్టమే. 1949లో వచ్చిన 'కీలుగుఱ్ఱం' చలనచిత్రం ఆ ఊహను ఊరూరికీ చేర్చింది. నిద్రవేళ కథ చెప్పేవారికి రెండు మీటలూ తెలిసి ఉండాలి. ఎగురవేసే మీట చాలామందికి తెలుసు. దించే మీట ముదుసళ్లకు బాగా తెలుసు. ఎద్దు గాటికి చేరుతుంది. చిందీబీ తాఖు చేరుతుంది. బిడ్డ తలగడ చేరుతుంది.

రెండవది మందలింపు నేర్పు. పిల్లలలో ఎవరో బెల్లం తిన్న రోజున దాదీమా ఎవరినీ నిలదీసేది కాదు. ఆ రాత్రి కథలో చిందీబీ బెల్లం తిని, కడుపునొప్పితో దొర్లి, చీమలు తన మీద బారులు తీరగా సిగ్గుపడి, తెల్లవారుజామున వంటింటి గడప వద్ద కూర్చునేది. కథ ముగిసేసరికి ఏదో ఒక దుప్పటి క్రింద నుండి సన్నని నవ్వో, ఏడుపో వినిపించేది. విచారణ లేదు, శిక్ష లేదు, సాక్షులు లేరు. తీర్పు మాత్రం జరిగిపోయేది. దండించిన తప్పు దాగుకొంటుంది. కథలో కనిపించిన తప్పు తనంత తాను బయటికి వస్తుంది.

ఈ అల్లరి బొమ్మలకు మన సాహిత్యంలో గొప్ప వంశమే ఉన్నది. విక్రమార్కుని సింహాసనం మీది ముప్పది రెండు సాలభంజికలను తలచుకొనండి. ఒక పొలంలోని మంచె ఎక్కినంతసేపు మహాదాతయై, దిగిన క్షణంలో లోభియై పోయే కాపరి కారణంగా భోజరాజుకు ఆ స్థలమహిమ తెలుస్తుంది. త్రవ్వించగా సింహాసనం బయటపడుతుంది. జొన్నచేల నడుమ మంచెలు చూచి పెరిగిన నారాయణఖేడ్ బిడ్డలకు ఈ ఆరంభం ఎంత సొంతమో చెప్పనక్కరలేదు. రాజు సింహాసనం ఎక్కబోతాడు. బొమ్మ నవ్వుతుంది, మాట్లాడుతుంది, కథ చెప్పి ఆపుతుంది. నీకు అట్టి ఔదార్యం ఉన్నదా అని ప్రశ్నిస్తుంది. ఒక్కసారి కాదు, ముప్పది రెండు సార్లు. చక్రవర్తిని గడప మీద నిలువబెట్టిన బొమ్మల కంటె అల్లరి బొమ్మలు ఎక్కడ ఉంటాయి? 15వ శతాబ్దపు తెలంగాణ కవి కొఱవి గోపరాజు ఈ కథలను 'సింహాసన ద్వాత్రింశిక'గా తెలుగు చేసినాడు. 19వ శతాబ్ది ఆరంభంలో కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో కాజిం అలీ జవాన్, లల్లూలాల్ కలిసి 'సింఘాసన్ బత్తీసీ'గా వెలయించినారు. ఒకే బొమ్మలు తెలుగు పద్యంలోనూ మాట్లాడినవి, ఉర్దూ వచనంలోనూ మాట్లాడినవి. మన కళాశాల సంచికలో రెండు లిపులు ఒకే అట్టల నడుమ ఉండడం వింత ఏమీ కాదని ఆ బొమ్మలే సాక్ష్యం పలుకుతున్నవి.

తోలుబొమ్మలాట చూచినవారికి మరొక వంశం తెలుసు. తెర మీద రామరావణ యుద్ధం ఘోరంగా సాగుతుండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క జొరబడి, కొట్టుకొని, తిట్టుకొని, ఊరివారి గుట్టు విప్పి, నవ్వించి పోతారు. అనంతపురం సీమలోని నిమ్మలకుంట వంటి ఊళ్లలో ఈ కళ నేటికీ నిలిచి ఉన్నది. దేవతల బొమ్మలు పద్యం చెప్పే చోట అల్లరి బొమ్మలు జనుల మాట చెబుతాయి. ఇక బొమ్మలు చేసే చేతుల సంగతి. నిర్మల కొయ్యబొమ్మలు తేలికైన పొణికి కఱ్ఱతో చేస్తారు. చేర్యాల పటాలూ బొమ్మలూ వ్రాసే కళాకారులను నకాషీలు అంటారు. 'నక్ష్' అను మాట నుండి పుట్టిన పేరు అది. దేవతాకథలను, కులపురాణాలను రంగులలో నిలిపే ఇంటికి ఫారసీ పేరు. కన్నడ సీమలోని చెన్నపట్నం లక్కబొమ్మల పనికి టిప్పు సుల్తాను పారశీక నిపుణులను రప్పించినాడని ప్రతీతి. బొమ్మ ఏ మతస్థుని చేతిలో పుట్టినదో దానిని ఆడించే బిడ్డ ఎన్నడూ అడుగలేదు.

పెద్దలలో కొందరికి ఈ కథల మీద రెండు ఆక్షేపణలు ఉంటాయి. అబద్ధాలు ఎందుకు అని ఒకటి. మా ఇండ్లలో ప్రాణిరూపాలు ఎందుకు అని మరొకటి. రెండవ దానికి మా దాదీమా వద్ద ఒక సమాధానం ఉండేది. నేను తరువాత చదివి చూడగా అది అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉన్నదే. దైవప్రవక్త (స) ఒక దండయాత్ర నుండి ఇంటికి మరలి వచ్చినప్పుడు గాలికి తెర తొలగి హజ్రత్ ఆయిషా ఆటబొమ్మలు కనిపించినవి. వాటి నడుమ పేలికలతో చేసిన రెండు రెక్కల గుర్రం ఒకటి ఉన్నది. గుర్రానికి రెక్కలేమిటి అని ప్రవక్త అడిగినారు. సులైమాను వారి గుర్రాలకు రెక్కలు ఉండేవని తమరు వినలేదా అని ఆమె బదులు పలికినారు. ఆయన పలువరుస కనిపించునట్లు నవ్వినారు. ధర్మశాస్త్ర చర్చకు నేను అర్హుడను కాను. దానికి పండితులు ఉన్నారు. కాని ఆ నవ్వు నాకు ముఖ్యం. పిల్ల చెప్పిన ఊహను విని పెద్దవారు నవ్విన ఆ ఘడియలో అబద్ధమన్న ఆక్షేపణకు కూడ సమాధానం ఉన్నది. పిల్లలు గుర్రానికి రెక్కలు తొడిగేది మోసగించడానికి కాదు, ఎగరడానికి.

అల్లరి బొమ్మను పిల్లలు ఎంతగా తమదిగా భావిస్తారో తెలిపే సంగతి ఒకటి ఇటలీ సాహిత్య చరిత్రలో ఉన్నది. కొల్లోడి అను రచయిత 1881లో పిల్లల పత్రికలో ఒక కొయ్యబొమ్మ కథను ధారావాహికగా ఆరంభించినాడు. అదే పినోకియో. చెప్పిన మాట వినని ఆ బొమ్మను 15వ అధ్యాయంలో ఉరికి వ్రేలాడదీసి కథ ముగించినాడు. అల్లరికి తగిన శాస్తి జరిగినదని ఆయన తలచి ఉండవచ్చును. చదువరులైన పిల్లలు ఒప్పుకోలేదు. వారి కోరిక మీద పత్రికవారు కథను మరల నడిపించగా అది 36 అధ్యాయాల వరకు సాగి 1883లో పుస్తకమైనది. పిల్లలకు శిక్ష నచ్చదని కాదు. దిద్దుకొనే అవకాశం ఇవ్వని శిక్ష నచ్చదు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మాబోంట్లకు ఈ సంగతి రోజుకు ఒకసారి గుర్తుకు రావలసినది.

ఇక నేను ముఖ్యమని తలచే విషయానికి వస్తాను. ఒక రాత్రి మా వాకిట పిల్లలలో పెద్దవాడొకడు కథకు మార్పు సూచించినాడు. బెల్లం దొంగిలించేది చిందీబీ కాకూడదట. ఊరి చివర గుడారాలు వేసుకొన్న సంచార జాతివారి దుస్తులు తొడిగిన మరొక బొమ్మ ఆ దొంగతనం చేయాలట. వానికి అది సహజంగా తోచినది. ఊరిలో ఏది పోయినా ముందుగా వారి గుడారాల వైపే చూచేవారు మరి. దాదీమా కథ ఆపివేసింది. "చోరీ కరే సో గుడియాకు అప్నే ఘర్ కీచ్ చిందీ పహ్‌నానా బేటా, పరాయే ఘర్ కా కపడా నక్కో" అన్నది. దొంగతనం చేసే బొమ్మకు మన ఇంటి పేలికయే తొడగాలి గాని పరాయి ఇంటి గుడ్డ తొడగరాదని భావం. అవతలి మంచం మీది అవ్వ, "అంతే బిడ్డా, నా ఎద్దు కూడ నా కొట్టంల పుట్టిందే, పటేలు చేన్ల పడి మేసేది నా ఎద్దే" అన్నది. అక్షరం ముక్క రాని ఇద్దరు స్త్రీలు ఒక చీకటి వాకిట చేసిన సాహిత్య శాసనం అది.

ఆ శాసనం విలువ నాకు ఎనిడ్ బ్లైటన్ పుస్తకాల చరిత్ర చదివినప్పుడు బోధపడినది. ఆమె 1949లో నాడీ అను కొయ్యబొమ్మ కథలు ఆరంభించినారు. బొమ్మలపట్నం, చిన్న కారు, గజ్జె టోపీ. పిల్లలు మెచ్చిన లోకం. కాని ఆ లోకంలో ఒక కథలో నాడీ కారును, బట్టలను దోచుకొనేవారు గాలివాగ్ బొమ్మలు. అనగా నల్లజాతివారిని వెక్కిరించుటకు పుట్టిన నల్లముఖపు గుడ్డబొమ్మలు. తరువాతి ముద్రణలలో ఆ పాత్రలను తీసివేసి గాబ్లిన్‌లను, అనగా కొంటె దయ్యాలను పెట్టినారు. తీసివేసేలోగా ఎన్ని లక్షల పసిమనసులు దొంగకు ఒక రంగు ఉంటుందని నిద్రమత్తులో నేర్చుకొన్నవో ఎవరు చెప్పగలరు? మెలకువలో విన్నదానితో బిడ్డ వాదిస్తాడు. నిద్రవేళ విన్నదానితో వాదించడు. అది ఎముకలలోనికి ఇంకిపోతుంది. అల్లరి చేసేవాడు ఎవరు, దొంగ ఎవరు, ఎవరి టోపీ, ఎవరి గడ్డం, ఎవరి బొట్టు, ఎవరి గుడారం అన్న నిర్ణయం నిద్రవేళనే జరిగిపోతుంది. అల్పసంఖ్యాకుల కళాశాలలో చదివే మీకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. మన గూర్చి ఇతరులు చెప్పుకొనే కథల మీద మనకు ఫిర్యాదులు ఉన్నవి, అవి న్యాయమైనవే. కాని మన వాకిళ్లలో మనం చెప్పుకొనే కథలలో దొంగబొమ్మకు ఎవరి గుడ్డ తొడుగుతున్నాము? ఆ లెక్క కూడ చూచుకొన్న నాడే మన ఫిర్యాదుకు బలం.

ప్రేమ్‌చంద్ 1933లో ప్రకటించిన 'ఈద్‌గాహ్' కథను మీలో అనేకులు చదివి ఉంటారు. పండుగనాటి సంతలో తోటి పిల్లలు మట్టి సిపాయిని, భిష్తీని, వకీలును కొనుక్కొంటారు. మూడు పైసలు మాత్రమే ఉన్న హామిద్ రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ వ్రేళ్లు కాలుతున్నవని ఒక ఇనుప పట్టుకారు కొంటాడు. కథ ఇక్కడికి అందరికీ గుర్తుంటుంది. ఆ పిమ్మట బొమ్మల గతి ఏమైనదో గుర్తుంచుకొనేవారు తక్కువ. వకీలును గోడకు పీఠం వేసి కూర్చోబెట్టి విసనకఱ్ఱతో విసురగా ఆ గాలికే పడి చస్తాడు. సిపాయి కాలు విరుగుతుంది. చెట్టుపాలతో వైద్యం చేసి అది ఫలించక రెండవ కాలు కూడ తీసివేయగా సన్యాసిగా మారి కూర్చుంటాడు. నవ్వు వచ్చే చోట్లు అవి. అయితే న్యాయాన్ని అమ్ముకొనే వకీలు, జనులను బెదిరించే సిపాయి పిల్లల చేతిలో మట్టిబొమ్మలై ముక్కలు కావడం వట్టి హాస్యం కాదు. పట్టుకారు మాత్రం విరగదు. అది బొమ్మగా మొదలై, హామిద్ భుజాన తుపాకియై, చివరకు నానమ్మ చేతిలో ప్రేమయై నిలుస్తుంది. పేదింటి బిడ్డకు వస్తువు ఎప్పుడు బొమ్మ అవుతుందో, బొమ్మ ఎప్పుడు వస్తువు అవుతుందో ఆ కథ కంటె బాగా చెప్పిన కథ నేను ఎరుగను.

నేడు వాకిళ్లలో మంచాలు తగ్గినవి. బిడ్డ చేతికి చరవాణి ఇచ్చి నిద్రపుచ్చడం పల్లెకూ ప్రాకినది. అందులో బొమ్మలు నడుస్తాయి, పాడుతాయి, అల్లరి కూడ చేస్తాయి. నేను యంత్రాన్ని నిందించను. అందులోనూ మంచి కథలు ఉన్నవి. కాని ఆ బొమ్మకు ఈ ఇంటిలో ఇవాళ బెల్లం ఎవరు తిన్నారో తెలియదు. మట్టి ఎద్దు చెరువు ముందు నిలిచినప్పుడు బిడ్డ గొంతు ఎండినదో లేదో చూచి ఆగడం దానికి తెలియదు. పొరుగు మంచం మీది బొమ్మను పిలువడం అసలే తెలియదు. తెలుగులో 'బొమ్మరిల్లు' అను పిల్లల పత్రిక ఉండేది. ఉర్దూలో ఢిల్లీ షమా సంస్థవారి 'ఖిలౌనా' ఉండేది. రెండు భాషలవారూ పిల్లల పత్రికకు పేరు పెట్టబోయి ఆటవస్తువు వద్దకే చేరినారు. ఆ రెండూ గతించినవి.

కథ గతించలేదనుటకు మాత్రం ఒక నిదర్శనం చెబుతాను. నారాయణఖేడ్ ప్రాంతపు పల్లెల నుండి, తండాల నుండి అనేక కుటుంబాలు చెరకు నరకడానికి కర్ణాటక, మహారాష్ట్రలకు వలసపోవడం మీరు ఎరుగుదురు. జానపద సాహిత్యం పాఠం చెబుతూ, ఉస్మానియాలో ఆ అధ్యయనానికి బాట వేసిన బిరుదురాజు రామరాజుగారి కృషిని వివరించి, మీకు తెలిసిన కథ ఒకటి వ్రాసి తెండని తరగతిలో అడిగినాను. అనేకులు అంతర్జాలం నుండి ఎత్తి వ్రాసినారు. తండా నుండి వచ్చే ఒక విద్యార్థిని మాత్రం తన పసితనంలో చెరకు తోట ప్రక్కన ఆకుల గుడిసెలో తల్లి చెప్పిన కథ వ్రాసి తెచ్చినది. అందులో చెరకు ఆకుతో చేసిన బొమ్మ ఉన్నది. అది రాత్రి లేచి, అలసిన ఎద్దుల పలుపులు విప్పి, ముకద్దము అను కూలీల పెద్ద లెక్కల పుస్తకంలో తల్లి పేరిట ఉన్న అప్పు అంకెలను నాకివేస్తుంది. తెల్లవారేసరికి మరల ఆకై పోతుంది. ఆ కాగితం చేతిలో పట్టుకొని నేను కొంతసేపు పాఠం చెప్పలేకపోయినాను. భోజరాజును ఆపిన సాలభంజికకూ ఈ చెరకాకు బొమ్మకూ భేదం ఏమున్నది? బలవంతుని ముందు నోరు లేనివారు బొమ్మకు నోరు ఇస్తారు. అల్లరి బొమ్మల కథ పుట్టేది అందుకే, బ్రతికేది అందుకే.

ప్రియ విద్యార్థినీ విద్యార్థులారా! సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ దాదీమాను, నానీమాను, అవ్వను, అమ్మమ్మను ఒక బొమ్మ కథ అడుగుడు. వారు సిగ్గుపడి తమకేమీ రాదంటారు. దీపం ఆర్పిన తరువాత మరల అడుగుడు; వస్తుంది. విన్నది విన్నట్లు వ్రాసుకొనుడు. ఉర్దూలో విన్నదాన్ని తెలుగువారికి, తెలుగులో విన్నదాన్ని ఉర్దూవారికి చెప్పుడు. మన కళాశాల కమిటీ పెద్దలు వచ్చే సంచికలో ఆ కథలకై ఇరువైపుల కొన్ని పుటలు కేటాయించగలరని ఆశిస్తున్నాను. మీలో కొందరు ఉపాధ్యాయులు అవుతారు, అందరూ కాకపోయినా అనేకులు తల్లిదండ్రులు అవుతారు. అప్పుడు మీ బిడ్డకు మీరే ఒక అల్లరి బొమ్మను కల్పించవలసి వస్తుంది. దానిని ఎంత అల్లరి అయినా చేయనీయండి, ఏ పటేలు చేనిలోనైనా మేయనీయండి. దానికి తొడిగే గుడ్డ మాత్రం మీ ఇంటి మూటలో నుండి తీయండి.